పాత లాప్‌టాప్ – మా ఇంటి మష్వరా

మా ఇంట్లో ఒకే ఒక లాప్‌టాప్ ఉండేది. 2017లో ఆదోనిలోనే కొన్నాము. ఆరవ తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ప్రక్కన నేడెవరూ వాడని డీవీడీ డ్రైవ్. మా రాబడిలో దాదాపు సగం దాని మీదనే ఆధారపడి ఉన్నది. ఉర్దూ, తెలుగు భాషలలో షాదీ రుఖాలు, మద్రసాల రసీదు పుస్తకాలు, ఉర్దూ మాధ్యమం పాఠశాలల ప్రశ్నాపత్రాలు, పత్తి వ్యాపారుల బిల్లు పుస్తకాలు, రంజాన్ సమీపిస్తే సహరీ–ఇఫ్తార్ వేళల పట్టికలు – ఇవన్నీ మేము ఇంట్లోనే కంపోజు చేసి ముద్రణాలయానికి పంపుతాము. ఒకరం ఉర్దూ చూస్తాము, మరొకరం తెలుగు చూస్తాము. భార్యాభర్తలలో ఎవరు ఏది చూస్తారన్నది ఇక్కడ అవసరం లేదు.

గత సంవత్సరం వర్షాకాలం నుండి ఆ యంత్రం మొరాయించసాగింది. మీట నొక్కిన తరువాత తెర మీద పని మొదలుపెట్టడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. ఇన్‌పేజ్, పేజ్‌మేకర్ రెండూ తెరిచి ఉంచితే మూడవది తెరుచుకునేది కాదు. లోపలి నుండి సన్నని టక్ టక్ శబ్దం వినిపించేది. దీనికి తోడు, విండోస్ 10కు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగుస్తాయని తెర మీద ప్రకటన రావడం మొదలైంది. బజారులో ఒక దుకాణదారుడు “ఆ తేదీ దాటితే మీ లాప్‌టాప్ పనిచేయదు” అని చెప్పి, కొత్తవి చూపించాడు. ఆ మాట నిజం కాదు. తేదీ దాటినా యంత్రం యథాతథంగా నడుస్తుంది. కొత్తగా బయటపడే లోపాలకు మైక్రోసాఫ్ట్ ఉచితంగా మందు వేయదు, అంతే. ఇళ్లలో వాడుకునేవారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు పొందే మార్గం కూడా ఆ సంస్థ ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను భద్రపరచుకుంటే దానికి రుసుము లేదు. భయపెట్టి అమ్మడం వ్యాపారంలో ఒక పద్ధతి అయిపోయింది; గడువుల గురించి ఎవరు ఏమి చెప్పినా ఒకసారి విచారించుకోవడం మేలు.

అయితే విండోస్ 11కు మారే దారి మా యంత్రానికి లేదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం ఉంటే చాలునని నిబంధనలో ఉన్నది; అవి మాకున్నాయి. కాని ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతిది కావాలి, దానితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. తరం తెలుసుకోవడం సులభమే. ప్రాసెసర్ పేరులో ఐ3 లేక ఐ5 తరువాత ఉండే అంకెలు చూడాలి: 6006 అంటే ఆరవ తరం, 8250 అంటే ఎనిమిదవది, 10210 అంటే పదవది. నిబంధనను దాటవేసి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు కొందరు చెప్పారు. సవరణలు వస్తాయన్న పూచీ లేని దానిని ఎక్కించుకొని ప్రయోజనమేమిటని మేము ఆ దారి పట్టలేదు.

ఇంట్లో మష్వరా జరిగింది. ఒక్క రాత్రితో తేలలేదు, మూడు వారాలు పట్టింది.

మా చేతిలో ఉన్నది 41 వేల రూపాయలు. అందులోనే అమ్మీ కంటి శుక్లం ఆపరేషనుకు కొంత తీసి ఉంచాలి. కొత్త లాప్‌టాప్, మా పనికి సరిపోయేది, 16 జీబీ ర్యామ్‌తో 46 వేలు చెప్పారు. సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ తగ్గిందని విని ఆశపడ్డాము కాని లాప్‌టాప్‌ల మీద పన్ను అంతకు ముందూ 18 శాతమే, ఆ తరువాతా 18 శాతమే. పెద్ద టీవీలు, ఏసీలు మాత్రం 28 నుండి 18కి దిగాయి.

దుకాణదారుడు “డబ్బు తక్కువైతే నో కాస్ట్ ఈఎంఐ ఉన్నది, వడ్డీ ఒక్క పైసా లేదు” అన్నాడు. వడ్డీ లేదన్న మాట వినగానే మన ఇళ్లలో మనసు తేలికపడుతుంది. అందుకే ఆ కాగితం పూర్తిగా చదివాము. అందులో వడ్డీ రేటు రాసే ఉన్నది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాడు ధరలో తగ్గింపుగా చూపుతాడు. ఆ వడ్డీ మీద జీఎస్టీ, పైగా ప్రాసెసింగ్ రుసుము మనమే కట్టాలి. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే ఇటువంటి సున్నా శాతం పథకాల గురించి బ్యాంకులకు హెచ్చరిక పంపింది. సున్నా వడ్డీ అన్నది వాస్తవంలో లేదని, రుసుముల రూపంలో దానిని కప్పిపుచ్చుతున్నారని దాని సారాంశం. మేము మా మొహల్లాలోని ఒక ఆలిమ్ గారిని కూడా అడిగాము. అమ్మేవాడు తానే గడువు ఇచ్చి, మొత్తం ధర ముందే ఖాయం చేసుకొని వాయిదాలలో తీసుకుంటే అది వ్యాపారమని, వడ్డీ రాసి ఉన్న అప్పు పత్రం మీద సంతకం చేస్తే ఆ వడ్డీని వేరొకరు భరించినా పత్రం వడ్డీ పత్రమేనని ఆయన అభిప్రాయపడ్డారు. ఆ రెంటికీ ఉన్న తేడా మాకు స్పష్టమైంది. ఆదోని మండీలో వాయిదా మీద సరుకు ఎత్తడం తాతల నాటి నుండి చూస్తున్నదే.

ఎమ్మిగనూరులో ఉన్న మా బావమరిది కబురు విని మరుసటి ఆదివారం వచ్చాడు. ముప్ఫై కిలోమీటర్ల దూరం, బస్సులో గంట ప్రయాణం. అతను 20 వేలు ఖర్జె హసనాగా ఇస్తానన్నాడు, ఎప్పుడు వీలైతే అప్పుడు తిరిగి ఇమ్మన్నాడు. అంత మంచి మాటను కాదనడం కష్టం. కాని అతని ఇంట్లో ఆ సంవత్సరమే ఒక పెండ్లి ఉన్నది. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాడికి దొరకవలసిన సొమ్మును, పాత యంత్రం ఇంకా ఊపిరి తీస్తున్న ఇంట్లో కొత్త యంత్రం కోసం తీసుకోవడం మాకు సమ్మతం కాలేదు. టీ ఇచ్చి, దుఆ చేసి పంపించాము.

అమ్మాయి బీకాం రెండవ సంవత్సరం. టాలీ నేర్చుకుంటున్నది, పత్తి కమీషన్ వ్యాపారి ఒకరి లెక్కలు ఇంటి నుండే రాయడానికి మాట కుదుర్చుకున్నది. ఆమెది సహజంగా కొత్తదే కావాలన్న పక్షం. మాలో ఒకరిది బాగు చేయించే పక్షం. దుబారాను ఇస్రాఫ్ అంటారు గదా అని ఆ ఒకరు కొంత ఉపన్యాసం కూడా ఇచ్చారు. అప్పుడు అమ్మీ తన కుట్టు మిషను ప్రస్తావన తెచ్చింది. ఆ మిషను మా పెండ్లికంటే పాతది. బెల్టు మార్చి, నూనె వేసి ఇప్పటికీ కుడుతున్నది. ఇంకేమి, అమ్మీ కూడా బాగు చేయించమనే అంటున్నదని ఆ ఒకరు సంతోషించారు. అమ్మీ మాట పూర్తి కాలేదు. “బెల్టు మారిస్తే కుడుతుంది, నిజమే. ఎంత మార్చినా జిగ్‌జాగ్ మాత్రం రాదు. బేటీకి జిగ్‌జాగ్ కావాలేమో ముందు అడగండి” అన్నది.

ఆ ప్రశ్న తరువాత చర్చ దారి మారింది. అంతవరకు యంత్రం గురించి మాట్లాడుతున్నాము. అమ్మీ పని గురించి అడిగింది. కాగితం తీసి ఎవరికి ఏ పని, ఏ వేళలో అవసరమో రాశాము. మా అసలు ఇబ్బంది వేగం ఒక్కటే కాదని అప్పుడు తేలింది. రజబ్, షాబాన్ నెలలలో పెండ్లిళ్లు ఎక్కువ. రంజాన్ 2026 ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి రుఖాలు, వేళల పట్టికలు అన్నీ జనవరి ప్రాంతంలో వచ్చి పడతాయి. వ్యాపారి లెక్కలు రాసే వేళ కూడా ఇషా తరువాతనే, మా పని వేళ కూడా అదే. ఎంత వేగమైన యంత్రమైనా ఒకటే ఉంటే ఒకరు కూర్చోవాలి, మరొకరు చూస్తూ ఉండాలి. ఆ చూస్తూ ఉండేది అమ్మాయే అవుతుందని వేరే చెప్పనవసరం లేదు.

రెండవ చిక్కు మా సాఫ్ట్‌వేర్‌ది. ఉర్దూ అక్షర కూర్పు గురించి ఇక్కడ కొంచెం చెప్పవలసి ఉన్నది. నస్తలీఖ్ లిపి వరుస మీద నిలబడదు, పై నుండి క్రిందికి జారుతూ వస్తుంది. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబ్‌ల చేతి వ్రాత మీదనే నడిచాయి. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలాది పద ఖండాలతో నూరీ నస్తలీఖ్ రూపొందించిన తరువాత గాని కంప్యూటరు ఆ లిపిని అందంగా రాయలేకపోయింది. ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ 1994లో వచ్చి ఆ సౌకర్యాన్ని చిన్న ఊళ్ల దాకా తెచ్చింది. మేము కొన్న ఇన్‌పేజ్ పాత వెర్షను, డాంగిల్ పెడితేనే తెరుచుకుంటుంది. తెలుగుకేమో అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు వరుస. వేళ్లకు అదే అలవాటు. ఈ అను అక్షరాలు యూనికోడ్‌వి కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే వధువు పేరు ఉన్నచోట ఆంగ్ల అక్షరాలు, చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఎనిమిది సంవత్సరాలలో చేసిన రుఖా నమూనాలు అరవైకి పైగా ఇటువంటి ఫైళ్లలోనే ఉన్నాయి. విండోస్ 11 పూర్తిగా 64 బిట్ల వ్యవస్థ, మరీ పాత ఇన్‌స్టాలర్లు కొన్ని దానిలో కదలవు. కొత్త యంత్రం కొన్న మరునాడే మా పని సాగుతుందన్న నమ్మకం లేదు. పెండ్లి తేదీ మన కోసం ఆగదు గదా.

మూడవది అమానత్ విషయం. పాతది ఇస్తే కొత్తదాని ధరలో రెండు వేలు తగ్గిస్తామని ఒక ఎక్స్‌చేంజ్ ఆఫర్ వచ్చింది. ఆ హార్డ్‌డిస్క్‌లో ఏమున్నదో మేము ఆలోచించాము. వందలాది కుటుంబాల ఆడపిల్లల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, మా ఇంటి ఫొటోలు. ఫైలును తొలగించినంత మాత్రాన అది డిస్క్ నుండి పోదు; దాని చిరునామా మాత్రమే చెరుగుతుంది, తిరిగి తీసే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. జనం నమ్మి మన చేతిలో పెట్టినదాన్ని రెండు వేలకు అమ్మకూడదు. లాప్‌టాప్ ఎవరికి ఇచ్చినా డిస్క్ విప్పి ఉంచుకోవడం, లేదా పూర్తిగా చెరిపించి ఇవ్వడం ప్రతి ఇంటికీ అవసరమని మా అభిప్రాయం. ముఖ్యంగా ఇంటి ఆడవారి ఫొటోలు ఉన్నప్పుడు.

ముందుగా మరమ్మతు చేసే యువకుని వద్దకు తీసుకుపోయాము. అతను వెనుక మూత విప్పి చూపినప్పుడు మాకు నవ్వు వచ్చింది, దిగులూ కలిగింది. ఫ్యాను రెక్కల మధ్య దూది చిన్న పరుపులాగా పేరుకొని ఉన్నది. ఆదోని అంటే పత్తి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఇది ఒకటి, జిన్నింగు మిల్లులు ఊరి చుట్టూ ఉన్నాయి. సీజనులో గాలిలో నూగు తేలుతూనే ఉంటుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వేడి బయటకు పోలేకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. యంత్రం ముసలిదైపోయిందని మనం అనుకునే సందర్భాలలో కొన్ని కేవలం ఊపిరాడని సందర్భాలు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్లలో ఉన్న కంప్యూటర్లదీ ఇదే కథ అని అతను అన్నాడు. మగ్గం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. పద్మశ్రీ మాచాని సోమప్ప గారు 1938లో ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘం పేరు మా ప్రాంతంలో తెలియనివారు లేరు. మా అత్తగారింటి పొరుగున ఉండే నేతపని వృద్ధుడు నాడె అరిగితే నాడె మార్చేవాడు, పన్నె పాడైతే పన్నె మార్చేవాడు, గుంట మాత్రం అదే. అయితే జరీ అంచుకు జకార్డు అవసరమైన రోజున ఆయన కూడా కొత్తది కొన్నాడని మా బావమరిది గుర్తుచేశాడు.

డిస్క్‌ను పరీక్షించే ప్రోగ్రాము పసుపు రంగులో హెచ్చరిక చూపింది. అంటే కొన్ని భాగాలు చెడిపోయి, వాటి బదులు అదనపు భాగాలు వాడుకలోకి వచ్చాయి. ఇక ఆలస్యం చేయరాదు. నిమిషానికి 5400 సార్లు తిరిగే ఆ పళ్లెం ఎంత బాగున్నా సెకనుకు వంద మెగాబైట్ల చుట్టూనే చదవగలదు; అదే స్థలంలో పట్టే సాటా ఎస్ఎస్‌డీ ఐదు వందల దాకా చదువుతుంది, పైగా దానిలో తిరిగే భాగమే లేదు. పాత లాప్‌టాప్‌కు అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు ఇదే. ర్యామ్ రెండవది. మా యంత్రంలో రెండు స్లాట్లున్నాయి, ఒకటి ఖాళీ. ఇప్పటి పలుచని లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తున్నారు. వాటిని తరువాత పెంచుకోలేము. కొత్తది కొనదలచినవారు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. దుకాణాలలో దీనిని తమంతట తాము చెప్పరు.

512 జీబీ ఎస్ఎస్‌డీ 3,100, 8 జీబీ ర్యామ్ 2,100, శుభ్రం చేసి కొత్త థర్మల్ పేస్టు వేసి అమర్చినందుకు 700. మొత్తం 5,900 రూపాయలు. బ్యాటరీ మార్చలేదు, ఇంట్లో బల్ల మీదనే, ప్లగ్గుకు తగిలించే వాడుతాము కాబట్టి అది అనవసరం. ఇప్పుడు ఆ యంత్రం అర నిమిషంలో తెరుచుకుంటున్నది, అల్‌హందులిల్లాహ్. ర్యామ్ విషయంలో ఆ నెల మాకు కలిసివచ్చింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున లాగుకొనడంతో కొద్ది వారాలలోనే ధరలు విపరీతంగా పెరిగాయి. డిసెంబరులో మైక్రాన్ సంస్థ, క్రూషియల్ పేరుతో సాధారణ వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. అమెరికాలో ఎక్కడో సర్వర్లు కడితే ఆదోనిలో రుఖా కంపోజు చేసేవారి ఖర్చు పెరుగుతుందని ఎవరు ఊహిస్తారు?

లినక్స్ వేసుకోమని మా అబ్బాయి సూచించాడు. అది ఉచితం, పాత యంత్రాల మీద తేలికగా నడుస్తుంది, ఉత్తరాలు రాయడానికి, ఇంటర్నెట్ చూడడానికి చక్కగా సరిపోతుంది. చదువుకునే పిల్లలున్న ఇళ్లలో పాత లాప్‌టాప్‌ను మూలన పడేసే బదులు ఈ పని చేయవచ్చు. టాలీకి, మా ఇన్‌పేజ్‌కు మాత్రం విండోస్ కావలసిందే.

ఇక అమ్మాయి సంగతి. మిగిలినది 35,100. కొత్తదానికి అది చాలదు, అమ్మీ కన్ను కూడా ఉన్నది. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి వదిలేసిన ఆఫీసు లాప్‌టాప్‌లను బాగు చేసి అమ్మే బజార్లు సికింద్రాబాదులో ఉన్నాయి, బెంగుళూరు ఎస్పీ రోడ్డులో ఉన్నాయి. మాకు బెంగుళూరు దగ్గర. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా దిగవచ్చు. తండ్రీకూతుళ్లు కలిసి వెళ్లారు. చూడకుండా ఆన్‌లైన్‌లో తెప్పించడం మాకు ఇష్టం లేకపోయింది.

వెళ్లేముందు ఏమేమి చూడాలో అమ్మాయే రాసుకున్నది. ప్రాసెసర్ ఎనిమిదవ తరం లేదా ఆ పైది. మీట నొక్కగానే పాత కంపెనీ పేరో, సంకేతపదమో అడిగితే తీసుకోకూడదు, అది తాళం పడిన యంత్రం. విండోస్‌లోనే బ్యాటరీ నివేదిక తీయవచ్చు. తయారైనప్పటి సామర్థ్యమెంత, ఇప్పుడు నిండుగా పట్టేదెంత అన్న రెండు అంకెలు అందులో ఉంటాయి. తెరను పూర్తి తెలుపులో, పూర్తి నలుపులో చూడాలి. కీబోర్డులో ప్రతి మీటా నొక్కాలి. మూత కీలు బిగువుగా ఉండాలి. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ కాలం రాయించుకోవాలి. నాలుగు దుకాణాలు తిరిగి మూడింటిని కాదన్నదట. నాలుగవచోట ఎనిమిదవ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది 19,500కు, మూడు నెలల వారంటీతో దొరికింది. మూత మీద ఒక గీత ఉన్నది. దాని మీద ఆమె ఒక స్టిక్కరు అంటించింది.

మిగిలిన సొమ్ములో ప్రయాణ ఖర్చులు పోగా పదిహేను వేలకు దగ్గరగా అమ్మీ కోసం ఉంచాము. నవంబరులో ఆమె కుడికన్ను ఆపరేషను అయింది. ఇప్పుడు సూదిలో దారం తానే ఎక్కిస్తున్నది.

పాత లాప్‌టాప్‌కు అదనపు సవరణలు 2026 అక్టోబరు వరకు వస్తాయి. ఆ తరువాత దానికి ఇంటర్నెట్ తీసివేసి, కేవలం ఇన్‌పేజ్, పేజ్‌మేకర్ పనికి ఉంచాలని అనుకున్నాము. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ తిరుగుతాయి. ఈలోగా అరవై నమూనాలను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. తెలుగుకు సురన్న, మండలి వంటి ఉచిత ఫాంట్లు, ఉర్దూకు జమీల్ నూరీ నస్తలీఖ్ ఉన్నాయి. ఇంతవరకు పద్నాలుగు పూర్తయ్యాయి. ఎమ్మిగనూరు మేనకోడలి నికాహ్ రుఖా పదిహేనవది. అందులో తెలుగు భాగం వచ్చింది, ఉర్దూ భాగంలో వరుల తండ్రి పేరు దగ్గర నుక్తాలు ఇంకా సరిగా కూర్చోవలసి ఉన్నది.